గంగుబాయి పేరు మీద బియ్యం

భాద్రపద బహుళ అమావాస్యను మా ఇందూరు (నిజామాబాదు) ప్రాంతంలో పెత్రమాస అంటారు. పితృ అమావాస్య అన్న సమాసం జనుల నోట నలిగి ఈ రూపం పొందిందని పండితులు దీనిని కొంచెం చిన్నచూపు చూస్తారు. నలిగిన మాటలే ఎక్కువ కాలం బతుకుతాయని, జీవితమంతా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విసిగిపోయిన నాకు ఇప్పుడు తోస్తున్నది. ఆ ఉదయం ప్రతి ఇంట్లోనూ చేటలో బియ్యం, పప్పు, చింతపండు, ఒక గుమ్మడి ముక్క, కొద్దిగా బెల్లం పెట్టి జంగమయ్యకు ఇస్తారు. ఇచ్చేటప్పుడు ఆ ఇంట్లో పోయినవారి పేర్లు చెప్పాలి. జంగమయ్య ఒక్కొక్క పేరే గట్టిగా పలికి గంట కొడతాడు. పేరు పలికితేనే ఆ బువ్వ వారికి చేరుతుందని, పలకకపోతే మళ్లీ పెత్రమాస వచ్చేదాకా వారు ఆకలితో ఉంటారని నమ్మకం. ఈ ఆచారాన్ని ‘బియ్యం ఇచ్చుడు’ అంటారు. ఆ సాయంత్రమే ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తారు. పొద్దున పోయినవారిదీ, సాయంత్రం పువ్వులదీ అయిన ఆ రోజంటే మా సందులోని పిల్లలందరికీ ఇష్టమే.

రాధాబాయికి తప్ప.

నిజామాబాదు గంజి బజారు వెనుక సందులో మా ఇంటికి ఎదురుగా ఆత్మారాం బెల్లం దుకాణం ఉండేది. రాధాబాయి అతని ఒక్కగానొక్క కూతురు. మా అక్క రుక్మాబాయికి ఈడుజోడు. ఈ కథలో నేను కన్నది కొంత, అక్క చెప్పినది కొంత. మిగిలినది, దాచవలసిన అవసరం తీరిపోయిన చాలా ఏళ్లకు రాధాబాయే మా అరుగు మీద కూర్చుని చెప్పినది. ఆమె గొప్పది కాదు. ఆమె పేరు మీద వీధి లేదు, సత్రం లేదు. అమాయిక అని మేము చిన్నప్పుడు అనుకున్న ఒక పిల్ల (అమాయకురాలు అని ఇప్పుడు అందరూ రాస్తారు, రాయనివ్వండి) ఆ విశేషణాన్ని ఎప్పుడు పోగొట్టుకున్నదో నాకు తెలుసు కనుక రాస్తున్నాను.

ఆత్మారాం పుట్టుకతో వ్యాపారి కాడు. బోధన్‌కు, మంజీరకు నడుమ ఉన్న ఒక పల్లెలో చెరుకు పండించిన కాపు. నిజాంసాగర్ కాలువలు వచ్చిన కొత్తలో ఆ నల్లరేగడిలో చెరుకు ఏనుగులు దాక్కునేంత ఎత్తు పెరిగేదట. పెనం మీద రసం కాగుతుంటే, వాసన చూసి పాకం దించే వేళ చెప్పగలవాడని అతనికి పేరు. అటువంటివాడు ఉన్నట్టుండి పొలాన్ని తమ్ముడికి అప్పగించి, తల్లి వెంకటవ్వను, పాలపళ్లు ఊడుతున్న కూతురును వెంటబెట్టుకుని పట్నం వచ్చాడు. భార్య గంగుబాయి మంజీర అవతల పుట్టింటికి పోయి అక్కడ గత్తర తగిలి చనిపోయిందని చెప్పాడు. గత్తర అంటే కలరా. కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసే చోట గుండు గొరిగించుకుని వచ్చాడని అతని తలను చూస్తేనే తెలిసింది. మళ్లీ పెళ్లి చేసుకొమ్మని సంబంధాలు వచ్చాయి. వద్దన్నాడు. పెళ్లాం మీద ఎంత ప్రేమో అని సందులోని ఆడవారు తమ మొగుళ్లకు వినబడేటట్టు చెప్పుకున్నారు. నెలకొకసారి అతను డిచ్‌పల్లి దిక్కు సంతకని రైలెక్కేవాడు. సంతకు పోయినవాడు తరచు ఖాళీ సంచితో తిరిగి వస్తున్నాడేమని ఎవరూ అడగలేదు. ఎవరి సంచి వారికే బరువుగా ఉన్న కాలమది.

మా అమ్మ కూడ మా చిన్నతనంలోనే పోయింది. కనుక పెత్రమాసనాడు జంగం కాశయ్య మా గడప ముందు నిలబడి ఆమె పేరు పలికేవాడు. ఒక సంవత్సరం, కాశయ్య మా ఇంటి నుంచి ఎదురింటికి దాటి అక్కడ మొగవారి పేర్లు చదివి వెళ్లిపోయిన తరువాత, మా అరుగు మీద తంగేడు పూలు తుంచుతూ అక్క ఆ ప్రశ్న వేసింది.

“మీ ఇంట్ల మీ అమ్మ పేరు తియ్యరేందే?”

“ఆడోళ్ల పేర్లు తియ్యరట. మా అవ్వ చెప్పింది,” అన్నది రాధాబాయి. ఆమె అవ్వ అన్నది నాయనమ్మ వెంకటవ్వను.

“మరి మా అమ్మ పేరు తీసె గద. మా అమ్మ ఆడిది కాదా?”

రాధాబాయి ఒక పువ్వు తీసి రేకులు తుంచింది.

“అయితె మీ అమ్మకు బువ్వ లేనట్టే,” అన్నది అక్క. తరువాత జాలి కలిగింది కాబోలు, “రంది పెట్టుకోకు. ఇద్దరు ఒక్కతాన్నే ఉంటరు గద. మా అమ్మ తినంగ మిగిలింది పెడ్తది తియ్,” అని ఓదార్చింది.

పిల్లల ఓదార్పులో ఉండే క్రౌర్యం పెద్దల తిట్టులో ఉండదు. తన తల్లి ఎవరి తల్లి ఎంగిలికో ఎదురు చూస్తున్నదన్న ఊహతో రాధాబాయి ఆ సాయంత్రం బతుకమ్మ ఆడలేదు. దుకాణంలోకి వెళ్లి, బెల్లం దిమ్మెల మీది చీమలు దులుపుతున్న తండ్రి ముందు నిలబడింది.

“బాపు, అమ్మ పేరు ఎప్పుడు తీస్తవ్?”

“తీస్త బిడ్డ.”

“ఎప్పుడు?”

“దాని వంతు వచ్చినంక,” అన్నాడు ఆత్మారాం, చీమలు దులపడం ఆపకుండానే.

అతను ఆ రోజు అబద్ధం చెప్పలేదు. ఆ పిల్లకు అర్థం కానంత నిజం చెప్పాడు.

రాధాబాయి తన దారి తాను చూసుకున్నది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. పిడికిలి బియ్యం దాచడం మా ఆడవారికి కొత్త కాదు. కొందరు యాత్రకు దాస్తారు, కొందరు దేవుడికి దాస్తారు. వెంకటవ్వ చూసి, పిల్లకు భక్తి కుదిరిందని సంతోషించింది. మరుసటి పెత్రమాస వచ్చింది. బోధన్‌లో చక్కెర కర్మాగారం లేస్తున్న రోజులవి. గంజిలో ఎక్కడ విన్నా ఆ ముచ్చటే. ఇక బెల్లం ఎవరు తింటారని కొందరు, చక్కెరతో పండుగ ఎట్లా అవుతుందని కొందరు వాదించుకునేవారు. ఆ వాదం నాకిప్పటికీ ఇష్టమే గాని, దానిలోకి పోతే తిరిగి రాలేను.

కాశయ్య సందు మొదట్లో ఉండగానే రాధాబాయి కుండ పట్టుకుని ఎదురు పోయింది.

“ఎవ్వరి పేరు బిడ్డ?”

“గంగుబాయి. మా అమ్మ.”

“మీ బాపు ఇయ్యడా?”

“మర్సిపోతడు.”

“మొగోళ్లు మర్సుడేనాయె,” అని కాశయ్య జోలె పట్టాడు. గంగుబాయి అని గట్టిగా పలికి గంట కొట్టాడు. ఆ గంట విన్నప్పుడు తన కడుపే నిండినట్టయిందని రాధాబాయి నాతో చెప్పింది.

అక్కడితో ఆగితే ఏమీ జరిగేది కాదు. కాశయ్య పద్ధతి గల మనిషి. ఒక ఇంటివారి పేర్లన్నీ ఆ ఇంటి గడప ముందు ఒక వరుసలో పలికితేనే అతనికి తృప్తి. ఆత్మారాం ఇచ్చిన చేట అందుకుని, తాత పేరు, తండ్రి పేరు, చిన్నతనంలో పోయిన అన్న పేరు పలికిన తరువాత అన్నాడు: “నీ బిడ్డ శాన తెలివిగల్లది ఆత్మారాం. నువ్వు మర్సినా అది మర్వలే. ఇందాక గంగుబాయి పేరు మీద బియ్యం ఇచ్చింది. ఇప్పుడు అందరితోని కలిపి మల్లొక్కపారి తీస్త.”

అతను గంట ఎత్తాడు. ఆత్మారాం రెండు చేతులతో ఆ గంటను పట్టుకున్నాడు.

“ఆ పేరు తియ్యకు.”

“ఏమాయె?”

“తియ్యకు అంటున్న గద. అది బతికున్నదయ్యా.”

వెంకటవ్వ కాశయ్యను లోపలికి పిలిచి తలుపు మూసింది. ఆత్మారాం, కూతురు ఇచ్చిన బియ్యం తిరిగి ఇమ్మని అడిగాడు.

“జోలెల పడ్డది అందరి బియ్యంల కలిసింది,” అన్నాడు కాశయ్య. “ఏ గింజ ఎవ్వరిదని ఏరియ్యాలె?”

“మరి దానికేమన్న అయితె?”

“నేను గంట కొడ్త. సంపుడు బతికిచ్చుడు నా చేతిల లేదు.” కాశయ్య అలసిన మనిషి. ఇంకా సగం ఊరు తిరగవలసి ఉన్నది. జోలె భుజాన వేసుకుని, గడప దాటేముందు వెనక్కి తిరిగాడు. “భయపడకు. నా నోట్లె సచ్చినోళ్ల పేర్లే ఉంటయి. బతికినోళ్ల ముచ్చట నాకెందుకు?”

అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు.

ఇంట్లో మిగిలినది ముగ్గురు. రాధాబాయి ఒకటే ప్రశ్న అడిగింది.

“అమ్మ యాడున్నది?”

జవాబు వెంకటవ్వ చెప్పింది. గంగుబాయికి పెద్దరోగం వచ్చింది. కుష్ఠు అన్న మాటను మా జనం నోటితో పలకరు. పలికితే అంటుకుంటుందన్నట్టు దానికి పెద్దరోగమని పేరు పెట్టారు. వీపు మీద మచ్చ కనబడగానే ఆత్మారాం ఆమెను ఎవరికీ తెలియకుండా, ఆ రోగానికి నూనెసూదులు ఇచ్చే డిచ్‌పల్లి మిషను ఆసుపత్రిలో చేర్చాడు. ఊరికి, చుట్టాలకు చెప్పవలసిన చావును వెంకటవ్వ ఆలోచించింది. “నీ కోసమేనే. పెద్దరోగం ఇంటి పిల్లంటే నిన్ను ఎవ్వడు చేసుకుంటడు?” అన్నది.

“మరి బాపు గుండెందుకు చేయించుకున్నడు?”

ఆత్మారాం తల ఎత్తలేదు. “గుండు చేయించుకుంటె ఎంటికలు మల్ల మొలుస్తయి బిడ్డ. బియ్యం ఇస్తె మనిషి మల్ల మొలువది. గందుకే ఇయ్యలే.”

బతికి ఉన్న మనిషి పేరు మీద బియ్యం ఇస్తే ఆ మనిషి ఆయువు తీరుతుందని మా దిక్కు నమ్ముతారు. అతను ఊరంతటితో అబద్ధమాడాడు, నదులు కలిసే చోట అబద్ధమాడాడు, ఈ ఒక్క గడప మాత్రం దాటలేకపోయాడు. కూతురు ప్రేమతో దాటింది. ఆ పిల్లకు ఆ క్షణంలో అర్థమైనది ఇంతే: తల్లి బతికి ఉన్నది, తాను పిడికిలి పిడికిలిగా బియ్యం దాచి ఆమెను చంపింది.

రాధాబాయి అన్నం మానేసింది. బతుకమ్మ పండుగ రోజులన్నీ మా అక్క పిలుస్తూనే ఉన్నది, ఆ పిల్ల గడప దాటలేదు. ఆత్మారాం కూడ బెదిరిపోయి ఉన్నాడు. పండుగ వెళ్లగానే కూతురును తీసుకుని డిచ్‌పల్లికి బయలుదేరాడు. ఎవరైనా చూస్తే ఏమి చెప్తావని వెంకటవ్వ అడ్డం పడింది. సంతకని చెప్తానన్నాడు. రాధాబాయి మా అక్కతోనూ అదే చెప్పింది. అయితే నాకు గాజులు తెమ్మన్నది అక్క. డిచ్‌పల్లి స్టేషను బయట బుట్ట పెట్టుకున్న ఒక ముసలామె దగ్గర ఆ పచ్చగాజులు కొని, అవి పగలకుండా ఒడిలో పెట్టుకుని రాధాబాయి ఆసుపత్రి దాకా నడిచిందట. అక్క ఆ గాజులను సంత గాజులనే అనుకుని చాలా రోజులు వేసుకున్నది.

ఆసుపత్రి చుట్టూ గోరింట కంచె ఉన్నది. లోపల వరుసగా పెంకుటిళ్లు, కూరగాయల మడులు. ఘోరమైనదేదో చూస్తానని వచ్చిన పిల్లకు అంత శుభ్రమైన చోటు కనబడేసరికి మరింత భయం వేసింది. చుట్టాలు కూర్చునే పాక ముందుకు ఒక సన్నని స్త్రీ వచ్చి, కొంచెం దూరంలోనే ఆగింది. కనుబొమ్మలు పలచబడ్డాయి. ఎడమచేతి చివరి వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మిగిలినదంతా రాధాబాయికి తెలిసిన ముఖమే.

“నువ్వు బతికే ఉన్నవా అమ్మ?”

“ఏం జెయ్యాలె బిడ్డ. ఈడ సావనియ్యరు. పొద్దుగాల్నే నూనెసూది పొడిసి లేపుతరు.”

రాధాబాయి నవ్వలేదు. “నీ పేరు మీద బియ్యం ఇచ్చిన. నాకు తెల్వక ఇచ్చిన.”

గంగుబాయి మొగుడి వంక చూసింది. అతను అవునని తల ఊపాడు. “గట్లనా,” అన్నది ఆమె. “గందుకేనా మొన్న అమాసనాడు నాకు కడుపు నిండినట్టుండె. సన్నబియ్యమా, దొడ్డుబియ్యమా?”

“సన్నబియ్యం.”

“మంచిగ చేసినవ్. ఈడ అన్ని దొడ్డుబియ్యమే.”

అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. పెత్రమాస నుంచి ఆపుకున్న ఏడుపంతా అక్కడ అయిపోయింది. తల్లి దగ్గరకు రాలేదు, దూరం నుంచే చూస్తూ నిలబడింది. చనువుగా దగ్గరకు తీసుకోవడం ఆమెకు ఆ ఏళ్లలో మరపున పడి ఉంటుంది.

ఇంతవరకు జరిగినది భయం తీరిన కథ. దీనిని ఇక్కడ ఆపి సుఖాంతమని పేరు పెట్టవచ్చును. కాని బయలుదేరే ముందు గంగుబాయి మొగుడితో అన్న ఒక మాట రాధాబాయి చెవిన పడింది.

“డాక్టరమ్మ మల్ల అడుగుతున్నది. మీ ఇంటోళ్లు ఎప్పుడు తీస్కపోతరని.”

ఆత్మారాం కాలి బొటనవేలితో మట్టి గీకాడు.

“యాడికి తీస్కపోతరు?” అన్నది రాధాబాయి.

“ఇంటికి. రోగం పోయిందట.”

“ఎప్పుడు పోయింది?”

“పోయిన ఎండకాలమే. గీ యేళ్లు సక్కగ కావు గని, ఎవ్వరికి అంటదట. ఇంటికి పోవచ్చన్నది డాక్టరమ్మ.”

“మరి ఎందుకు వస్తలేవ్?”

మడుల దగ్గర ఎవరో మోటతో నీళ్లు తోడుతున్నారు.

“ఎట్ల వస్త బిడ్డ?” అన్నది గంగుబాయి. “సచ్చినోళ్లు గంజిల నడుస్తె జనం జడుసుకోరా? నీ లగ్గం కానియ్.”

ఆసుపత్రికి వచ్చేటప్పుడు దారి పొడుగునా రాధాబాయి రోగాన్ని తిట్టుకుంటూ వచ్చింది. దేవుణ్ని తిట్టుకుంటూ వచ్చింది. తిరిగి పోయేటప్పుడు తిట్టడానికి వారిద్దరూ మిగలలేదు. రోగం పోయింది. వాకిలి తెరిచే ఉన్నది. తల్లి గడప దాటకుండా అడ్డంగా నిలబడినది ఒక్కటే: రాధాబాయి పెళ్లి. వెంకటవ్వ ‘నీ కోసమేనే’ అన్నప్పుడు అది ఊరికే అన్న మాట అనిపించింది. ఇప్పుడు ఆ మాట బరువు తెలిసింది. బాల్యం అన్నది మెల్లగా కరిగిపోతుందని అంటారు. అందరికీ అట్లా కాదు. కొందరిది డిచ్‌పల్లి స్టేషనులో రైలు కోసం నిలబడి ఉండగానే అయిపోతుంది.

“లగ్గం అయిన తెల్లారే తీస్కస్త బిడ్డ. ఒట్టు,” అన్నాడు ఆత్మారాం రైలులో. ఆమె ఆ ఒట్టును పట్టుకున్నది.

ఆ తరువాత తన పెళ్లికి తానే తొందరపడిన పిల్లను మా సందు మొదటిసారి చూసింది. సంబంధం ఏదైనా వచ్చిందా అని తండ్రిని అడిగేది. అక్క ఎగతాళి పట్టింది.

“లగ్గం మీద గంత మనసేందే? మొగని మొకం సూడకుండనే మురుస్తున్నవ్.”

“ఎవ్వడైతె ఏందక్క. జల్ది కావాలె,” అన్నది రాధాబాయి.

ఇద్దరిదీ ఒకే ఈడు గాని, అక్క కొన్ని నెలలు పెద్దదని ఆమె అక్క అనేది. ఆ జవాబు చెప్పి అక్క సందులో చాలామందిని నవ్వించింది. దానిలో నవ్వేమీ లేదని అందరికన్న ఆలస్యంగా తెలుసుకున్నదీ అక్కే.

బోధన్ దిక్కు సంబంధం వద్దని వెంకటవ్వ పట్టుబట్టింది. అటు గంగుబాయిని ఎరిగినవారు ఉంటారు. కనుక ఎదురు దిక్కున ముప్కాల్ నుంచి, పసుపు పండించే దేవిదాస్ ఇంటి నుంచి సంబంధం తెచ్చారు. పిల్లవాడు తుకారాం. పిల్లను చూడడానికి అతని తండ్రితో పాటు మేనత్త వచ్చింది. నోరు గల మనిషి. చాప మీద కూర్చోగానే పిల్లను ఎగాదిగా చూసి, “దుకాణమంత బెల్లమున్నది, పిల్ల గింత బక్కగున్నదేంది? చీమలకే పెడ్తరా?” అన్నది. అందరూ నవ్వారు. తరువాత ఆమె గొంతు తగ్గించింది.

“మీ అమ్మ ఎట్ల పోయిందే పిల్ల?”

ఆత్మారాం చెప్పబోయాడు. అతను చెప్పేది ఎప్పుడూ ఒక్క ముక్కే: గత్తరతో పోయింది. అంతకన్న ముందే రాధాబాయి నోరు తెరిచింది.

“గత్తర తోని. మంజీర అవుతల మా అమ్మమ్మోళ్ల ఊర్ల. పొద్దుగాల బాయికి పోయి నీళ్లు తెచ్చిందట. ఎండెక్కేసరికి మంచం పట్టింది. నీళ్లు నీళ్లు అని మొత్తుకున్నదట. గత్తరొస్తె నీళ్లియ్యొద్దని ఎవ్వరు ఇయ్యలే. దీపం పెట్టే యాల్లకు పోయింది. నా పేరు తీసిందట.”

మేనత్త కొంగుతో కళ్లు ఒత్తుకున్నది. దేవిదాస్ గొంతు సవరించుకున్నాడు. ఆత్మారాం మాత్రం కూతురు వంక చూడలేకపోయాడు. ఆ బావి అతను చెప్పినది కాదు. ఆ దీపం అతను చెప్పినది కాదు. తాను తడబడుతూ మోసుకు వస్తున్న అబద్ధానికి ఆ పిల్ల కాళ్లూ చేతులూ పెట్టి, కూర్చోబెట్టి అందరికీ చూపించింది. చెబుతున్నప్పుడు ఆ పిల్ల కళ్లలో తడి కూడ ఉన్నది.

“తల్లి లేకున్నా మంచిగ పెంచిండ్రు,” అన్నది మేనత్త. “మేము పుట్టుక సూస్తం, గంతే. పెద్దరోగమో గిద్దరోగమో దాసిపెట్టి పిల్లనిచ్చినోళ్లు ఉన్నరు మా దిక్కు. పిల్లలు పుట్టినంక తెల్సింది. బిడ్డను సంకకెత్తి పుట్టింటికి తోలిండ్రు. మీదైతె నిప్పు అసొంటి ఇల్లు.”

రాధాబాయి ఆ మాట విన్నది. విని, పక్కన పెట్టింది. ఆమెకు తండ్రి ఒట్టు ఉన్నది. తాంబూలం పళ్లెం తెచ్చి మేనత్త ముందు పెట్టింది.

ఎండకాలంలో పెళ్లి జరిగింది. అప్పటికి బోధన్ కర్మాగారం పొగ వదులుతున్నది. చెరుకు బండ్లు అటు మళ్లడంతో మంచి బెల్లం దొరకక, బెల్లం వ్యాపారి ఇంటి పెళ్లిలో బూందీకి చక్కెర వాడారు. అది అన్యాయమని ముసలివారు గొణుగుతూనే మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. పెళ్లి అయిన మరునాడు రాధాబాయి తండ్రి ముఖం చూసింది. అతను అప్పగింతల పనిలో పడి ఆమె వైపు తిరగలేదు. బండి ముప్కాల్ దారి పట్టింది.

ముప్కాల్‌లో ఆమె కాపురం చెడలేదు. తుకారాం నెమ్మది మనిషి. ఆమె పసుపు ఉడకబెట్టింది, పిల్లలను కన్నది, అదే మేనత్తకు చివరి రోజుల్లో అన్నం కలిపి నోట్లో పెట్టింది. వెంకటవ్వ పోయింది, తరువాత ఆత్మారాం పోయాడు. ప్రతి పెత్రమాసనాడు పుట్టింటి వారి పేర్లలో తల్లి పేరు అడిగితే ఏమి చేసేదానివని నేను అడగలేకపోయాను. అదంతా తరువాతి సంగతి. నేను చెప్పదలచినది ఆ మొదటి ఆషాఢం గురించి.

కొత్తకోడలు ఆషాఢంలో పుట్టింట ఉండాలి. అట్లా వచ్చిన రాధాబాయి, వచ్చిన రోజే సంతకు పోదామన్నది. తండ్రి ఎదురు చెప్పలేదు. రైలులో ఇద్దరూ కిటికీలోంచి వానను చూస్తూ కూర్చున్నారు. ఆసుపత్రి కంచె దగ్గరకు రాగానే అతను గొడుగు కూతురుకు ఇచ్చి, తాను చెట్టు కిందనే నిలబడిపోయాడు.

గంగుబాయి అప్పటికి కట్లు కట్టే గదిలో పనికి కుదిరింది. కొత్తగా వచ్చి ఏడ్చే ఆడవారిని ఊరడించే పని కూడ ఆమెదేనట. కూతురు మెడలో పుస్తెలు చూసి, మెట్టెలు చూసి, తృప్తిగా పాకలో కూర్చున్నది. ఈసారి అంత దూరంగా కూర్చోలేదు.

“లగ్గం అయింది,” అన్నది రాధాబాయి. “ఇగ ఇంటికి నడు అమ్మ.”

గంగుబాయి చూరు నుంచి కారుతున్న నీళ్లను కొంతసేపు చూసింది.

“మీ అత్తగారోళ్లు నా ముచ్చట అడిగిండ్రా?”

“అడిగిండ్రు.”

“ఏం జెప్పినవ్? ఎట్ల సచ్చిన?”

రాధాబాయికి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమైన తరువాత, ‘ఇంటికి నడు’ అన్నది ఇక అడగవలసిన మాట కాదని కూడ తెలిసింది. బావి గురించి చెప్పింది. మంచం పట్టడం, నీళ్లు అడగడం, దీపం వేళ, అన్నీ చెప్పింది. తల్లి ఎవరో దూరపు చుట్టం చావు కబురు విన్నట్టు, మధ్యలో ‘ఊ’ కొడుతూ శ్రద్ధగా విన్నది.

“నీళ్లియ్యలే అన్నవా?”

“అన్న.”

“ఆ మాట మీ అమ్మమ్మ మీదికి వస్తది గద. పాపం ముసల్ది, నేను అడిగితె మంజీరనే తెచ్చి పోస్తుండె. నీళ్లు తాగిచ్చిండ్రు గని దక్కలే అని చెప్పు.”

“సరే.”

“కొరివి ఎవ్వరు పెట్టిండ్రని అడిగితె?”

“బాపు.”

“బాపు ఆడ యాడున్నడు? ఆయన చెరుకు కాడ ఉండె గద. మా తమ్ముడు పెట్టిండను. బాపు కబురంది వచ్చేసరికి అంత అయిపోయిందను. గప్పుడు కందకుర్తికి పోయిండని చెప్తె కుదుర్తది.”

“సరే.”

“నువ్వు ఉన్నవా ఆడ?”

“లే. బాపు తోనే ఉన్న.”

“గది మంచిది. సూసిన అని చెప్తె ఇంక శాన అడుగుతరు.” గంగుబాయి ముడుచుకున్న చేతిని కొంగులో పెట్టుకున్నది. “ఏది, మల్లొక్కపారి చెప్పు. మర్సిపోతవ్.”

వాన ఇంకా తగ్గలేదు. రాధాబాయి ముఖం తుడుచుకుని, పొద్దున బావికి పోయిన దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తల్లికి నీళ్లు తాగించింది.